తెల్లపిల్లి కోసం అత్త వేసిన వేలిముద్ర

పోయిన గురువారం పొద్దున్న, కార్ఖానా ఆరింటి కూత ఇంకా పూర్తవకుండానే మా సోనారి ఇంటి గేటు చప్పుడయింది. పాలవాడనుకుని గిన్నె పట్టుకుని వెళ్ళాను. గోల్‌మురి మావయ్య నిలబడి ఉన్నాడు. సైకిలుకి స్టాండు కూడా వెయ్యలేదు. అరవై దాటిన మనిషి, అంత దూరం తొక్కుకుంటూ వచ్చాడు, ముందు కాస్త రొప్పు తీర్చుకోవద్దూ? తీర్చుకోలేదు.

"మీ అత్త ఎల్లిపోనాదమ్మా," అన్నాడు. "తెల్లారగట్ల."

ఇంకేదో చెప్పబోయి, నా చెంప వంక చూసి ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో నాకు తెలుసు. మీకు తెలియాలంటే ముందు ఆవిడెవరో చెప్పాలి, ఆ తరవాత ఒక పిల్లి సంగతి చెప్పాలి.

అత్త అంటే మా ఆయన తల్లి కాదు, మా నాన్న చెల్లెలూ కాదు. గోల్‌మురిలో అంటే ఈ ఉక్కు కార్ఖానా ఊళ్ళోనే ఇంకో పేటలో, మేం మొదట కాపురం పెట్టిన క్వార్టరుకి ఆనుకుని ఉన్న క్వార్టరు ఆవిడది. మధ్య గోడ ఒక్కటే. శ్రీకాకుళం అవతలి పల్లె నుంచి పద్నాలుగేళ్ళకే పెళ్ళయి వచ్చేసింది. మావయ్యది రేకుల మిల్లులో పని. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. మాటలకి మాత్రం కొదవ లేదు. మాతో తెలుగు, పాలవాడితో హిందీ, ఎదురింటి వాళ్ళతో ఒడియా, ఆకుకూరలు తెచ్చే సంతాలీ ఆడవాళ్ళతో సంతాలీ. అన్నీ ఒకే యాసలో మాట్లాడేది, ఆ యాస శ్రీకాకుళానిది. అయినా అందరికీ అర్థమయ్యేది. విజయనగరంలో ఎస్సెల్సీ ఫస్టు క్లాసులో ప్యాసయిన నాకే, ఇక్కడికొచ్చాక ఉల్లిపాయలు అడగడానికి నోరు పెగిలేది కాదు.

నేను వచ్చిన రెండో ఏడు, డెబ్భైల మధ్యలో అనుకుంటాను, ఎండాకాలంలో నాకు ఏడో నెలలో బిడ్డ పుట్టి పోయాడు. మగబిడ్డ. పది నిమిషాలు ఉన్నాడన్నారు. ఊరి నుంచి మా అమ్మ వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. పాలు పడ్డాయి, తాగేవాడు లేడు. అత్తే బజారుకెళ్ళి మూరల కొద్దీ మల్లెపూలు తెచ్చి, గుడ్డతో గట్టిగా కట్టు కట్టి ఆ పాలు ఆర్పింది. అలా కడుతున్నంత సేపూ ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు. "ఊపిరి పీల్చు, ఇప్పుడు ఒగ్గు," అంటూ ముడి బిగించింది. అమ్మ వెళ్ళిపోయాక ఆ ఇంట్లో నేనూ, షిఫ్టులకి వెళ్ళొచ్చి నిద్రపోయే మా ఆయనా.

అప్పుడొచ్చింది తెల్లపిల్లి. ఎవరిదీ కాదు. అత్త చేపలు కడిగే చోట కూర్చునేది, నా వంటింటి గుమ్మంలో పడుకునేది. కడుపుతో ఉన్నదని చూడగానే తెలిసేది. నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది, నిజం చెబుతున్నాను. దీనికెందుకు, నాకు లేనిది దీనికెందుకు అనిపించేది. చీపురు పట్టుకుని తోలేదాన్ని. అయినా అది మా ఇంటికే వచ్చి, మంచం కింద బుట్టలో ఈనింది. ఆ బుట్టలో ఏమున్నాయనుకున్నారు? బిడ్డ కోసం ఉతికి మడత పెట్టిన మా అమ్మ పాత చీరలు. ఎవరికీ ఇవ్వలేక, చూడలేక మంచం కిందకి తోసేశాను. ఆ పొత్తిళ్ళలో మూడు కూనలు, ఒక్కొక్కటీ అరచేతిలో సగం లేదు. బుట్ట ముందు చతికిలబడి ఏడ్చాను. ఆ రోజు నుంచి చీపురు ఎత్తలేదు.

దీనికి నాలుగు రోజుల ముందే నేను ఒక ఘనకార్యం చేసి ఉన్నాను. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

బస్తీలో పిచ్చికుక్క ఒకటి ఇద్దర్ని కరిచింది. దాంతో దిక్కులేని జంతువుల్ని పట్టుకుపోవడానికి ఆర్డరు వచ్చింది. ముందుగా ఒక మనిషి కాయితాల కట్టతో ఇల్లిల్లూ తిరిగాడు. కాయితం హిందీలో ఉంది. అంతకు ముందు వారమే దోమల మందు కొట్టేవాళ్ళు ఇలాంటి కాయితం మీదే సంతకం పెట్టించుకెళ్ళారు. ఇదీ అదేననుకున్నాను. ఏమిటని అడిగితే హిందీ రాదని తెలిసిపోతుంది కదా! సదువుకున్న కోడలని పేరు పడ్డ దాన్ని. కలం అందుకుని, కొక్కేలతో సహా చక్కటి తెలుగు సంతకం గీసి ఇచ్చాను. అతను నా చేతిరాత చూసి తలూపాడు కూడా. నేను మురిసిపోయాను.

పక్క గుమ్మంలో అత్త చేపలు తోముతోంది. అతను స్టాంపు ప్యాడు తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. అత్త చేతులు కడుక్కుని, తుడుచుకుని, వేలు మాత్రం చాపలేదు.

"పఢ్‌కే సునావ్. తబ్ అంగూఠా దేగా," అంది. చదివి వినిపించు, అప్పుడు వేలేస్తాను అని.

చదివే ఓపిక లేదు అతనికి. ఎండగా ఉంది, ఇంకా ముప్ఫై ఇళ్ళున్నాయి. చదువురాని దానికి ఇంత టెక్కా అన్నట్టు గొణుక్కుంటూ కాయితం మీద ఏదో గీకి వెళ్ళిపోయాడు. నేను గోడ మీంచి చూసి నవ్వుకున్నాను. "అంత భయం దేనికి అత్తా, మందు కాయితమే కదా," అన్నాను.

"అచ్చరాలు ఆడివి. ఏలు నాది," అంది.

ఆ మాట ఆవిడ నోట ఎన్ని వందల సార్లు విన్నానో. మొదటిసారి విన్నది ఆ రోజే.

కూనలు పుట్టిన వారానికి, అత్త బజారుకెళ్ళిన వేళ చూసి, జంతువుల్ని పట్టుకుపోయే జాలీబండి వచ్చింది. నేను కిటికీలోంచి చూస్తూండగానే, పంపు దగ్గర నీళ్ళు తాగుతున్న తెల్లపిల్లి మీద వల పడింది. బయటికి పరిగెత్తాను. నోటికి ఒక్క హిందీ ముక్క వస్తే ఒట్టు. "అయ్యో, అది కాదు, అది కాదు," అని తెలుగులో అరిచాను. బండివాడు నా వైపు చూసి, నేను సంతోషంతో అరుస్తున్నాననుకున్నాడో ఏమో, చెయ్యూపి వెళ్ళిపోయాడు. లోపల కూనలు పాల కోసం ఒకదాని మీదొకటి ఎక్కి వెతుక్కుంటున్నాయి. వాటికింకా కళ్ళు తెరుచుకోలేదు. దూది పాలలో ముంచి నోటికి పెట్టాను. రెండు కాస్త చప్పరించాయి. మూడోది తల తిప్పేసింది.

అత్త సంచీ దింపకుండానే అంతా విన్నది.

"ఏడుపు తరవాత. ముందు సీర మార్సుకో. కాంజీ హౌసుకి పోదాం."

కాంజీ హౌసంటే ఇక్కడి బందెలదొడ్డి. ఆవుల్నీ మేకల్నీ కట్టేసి, సొంతదారులు వస్తే విడిపిస్తారు. మా ఆయన నిద్ర లేచి, "పిల్లి కోసం కాంజీ హౌసుకా? నలుగురూ నవ్వుతారు," అని అటు తిరిగి పడుకున్నాడు. అత్త బుట్టలోంచి ఆ తల తిప్పేసిన మూడో కూనని తీసి, చీర కొంగులో పెట్టి బొడ్లో దోపుకుంది. రిక్షా ఎక్కాం.

దొడ్డిలో ఆవులు, రెండు గేదెలు, ఇనపబోనులో కుక్కలు. ఓ మూల కోళ్ళ గంప బోర్లించి, పైన రాయి పెట్టి, కింద మన తెల్లపిల్లి. అత్త కొంగులోంచి కూన కీచుమంది. అంతే, గంప లేచి లేచి పడింది. గొంతు చించుకుని అరుస్తోంది తల్లి.

రేకుల షెడ్డు కింద గుమాస్తా కూర్చున్నాడు, కళ్ళజోడు పెద్దమనిషి. చెడ్డవాడేం కాదు. రూలు దాటితే నేల విరుచుకు పడుతుందనుకునే రకం.

"ఈ కూన తల్లే అది. చెవులున్నాయి కదా, వింటున్నావు కదా," అంది అత్త, తన హిందీలో.

"దాని తల్లి అది అని తెలుస్తోంది. అది మీదని ఎలా తెలుస్తుంది?" అన్నాడు ఆయన.

క్వార్టరు నంబరు అడిగాడు. ఆయన మాటలూ తన మాటలూ అత్తే నాకు తెలుగులో చెబుతోంది. నేను మాది చెప్పాను. కట్ట విప్పి, వెతికి, ఒక కాయితం తీసి నా ముందు పెట్టాడు. కింద నా సంతకం, కొక్కేలతో సహా. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క ముక్కా చదివి చెబితే అత్త నాకు తెలుగులో చెప్పింది. ఈ క్వార్టరులో పెంపుడు జంతువు ఏదీ లేదు, ఇక్కడ తిరిగే జంతువుల్ని పట్టుకెళ్ళడానికి మాకు అభ్యంతరం లేదు. అంతా నేను రాసిచ్చినట్టే.

"ఇప్పుడు పిల్లి మాదే అంటే, అప్పుడు అబద్ధం రాసిచ్చినట్టవుతుంది. మీ ఆయన పేరు మీద రిపోర్టు రాయాలి. రాయమంటారా?" అన్నాడు. "లేదంటే రేపు పొద్దున్న వీటన్నిటినీ సువర్ణరేఖ ఏటి అవతల వదిలేస్తారు."

మా ఆయన ఉద్యోగం, క్వార్టరు, ఊళ్ళో మా మావగారి ముఖం, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. అత్త మోచెయ్యి పట్టుకుని, "పోనీ అత్తా, వెళ్ళిపోదాం," అన్నాను.

"ఎల్లిపోయి ఏటి సేత్తావు?" అని కయ్యిమంది. "ఆ కూనలకి నువ్విత్తావేటి పాలు?"

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు. నాలుక కరుచుకుంది. నేను తల దించేసుకున్నాను. ఆవిడ జీవితంలో ఎవరికైనా తప్పయిందని చెప్పిందో లేదో నాకు తెలియదు, నాకైతే చెప్పలేదు. నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ తరవాత గుమాస్తాతో తన హిందీలో మాట్లాడినదంతా ఆ చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది.

"ఈ గుంట కాయితం సంగతి ఒగ్గీ. నా క్వార్టరు కాయితం తీ."

తీశాడు. "ఇక్కడ తాళం అని రాసి ఉంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు."

"తాలవా!" అంది అత్త. "గుమ్మంలో కూకుని సేపలు తోముతన్నాను బాబూ. ఈ పిల్లి నా ముందే కూకుంది. ఆ కాయితాలాయన దాని తోక తొక్కబోయి తప్పుకున్నాడు. సదివి ఇనిపించమన్నాను, సదవలేదు. తాలవని రాసీసినాడా? పిలు ఆయన్ని. నా మొకం సూసి తాలవని సెప్పమను."

పిలవక్కర్లేకపోయింది. ఆ మనిషి షెడ్డు చివర బెంచీ మీదే చాయ్ తాగుతున్నాడు. గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి అతని వైపు చూశాడు. అతను గ్లాసులోకి చూశాడు. చాలా సేపు చూశాడు. అంత చూడాల్సినంత చాయ్ ఆ గ్లాసులో లేదు.

గుమాస్తా కొత్త కాయితం తీసి రాయడం మొదలుపెట్టాడు. ఫలానా క్వార్టరు, తెల్లపిల్లి ఒకటి, పెంపుడుది. రాసి, స్టాంపు ప్యాడు ముందుకు తోశాడు.

అత్త కదల్లేదు. "పఢ్‌కే సునావ్."

పాపం, ఆయన నవ్వాపుకుంటూ చదివాడు. మళ్ళీ చదవమంది. రెండోసారి మధ్యలో ఆపింది. "ఈ జంతువు ఎవరినైనా కరిస్తే బాధ్యత నాది" అని ఉన్న చోట.

"పిల్లి కరవదు, రక్కుతాది. రక్కితే అని రాయి. నేనోటి, కాయితవోటి సెప్పకూడదు."

కొట్టేసి రాశాడు. "మూడు కూనలు కూడా నావే, అదీ రాయి. రేపు ఇంకొకడొచ్చి ఆటికి కాయితమేదంటాడు." అదీ రాశాడు. అప్పుడు, పైటతో వేలు శుభ్రంగా తుడుచుకుని, ఊదారంగు సిరాలో అద్ది, కాయితం మీద వేసింది. తొందర లేదు. గుమ్మానికి బొట్టు పెట్టేటప్పుడు ఎలా పెట్టేదో అలాగే వేసింది.

గంప ఎత్తగానే తల్లి ఒక్క దూకున వచ్చి కొంగులో తల పెట్టేసింది. అక్కడే, షెడ్డులో, అత్త ఒళ్ళో కూర్చుని కూనకి పాలిచ్చింది. నేను గుక్కపట్టి ఏడుస్తున్నాను, సంతోషమో మరేదో నాకే తెలియదు. అత్త వేలికి ఇంకా సిరా ఉంది. గుమాస్తా తుడుచుకోమని గుడ్డ ఇచ్చాడు. తీసుకోలేదు. ఆ వేలు తెల్లపిల్లి నుదుటి మీద, రెండు చెవుల మధ్య గట్టిగా అద్దింది.

"ఎంతమంది కల్లు పడ్డాయో దీని మీద," అంది.

అంత తెల్లటి పిల్లికి ఊదారంగు దిష్టిచుక్క! నెల్లాళ్ళు పోలేదు. బస్తీలో పిల్లలు దాన్ని చూడ్డానికి వచ్చేవారు.

మూడు కూనలూ బతికాయి. నెల తిరిగాక ఆ గుమాస్తానే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఎలకలు కాయితాల కట్టలు కొరికేస్తున్నాయట, ఒక కూనని ఇమ్మన్నాడు. అత్త ఇస్తానంది, కానీ ఒప్పుదల కాయితం కావాలంది. నన్ను రాయమంది. పాలు పోస్తాను, కొట్టను, వదిలెయ్యను అని నేను తెలుగులో రాశాను. ఆయన చటుక్కున సంతకం పెట్టేశాడు. కూనని సంచీలో వేసుకుని ఆయన వీధి మలుపు తిరిగేదాకా అత్త నవ్వాపుకుంది, ఆ తరవాత గుమ్మంలో కూలబడింది.

"సూసినావా! సదివి ఇనిపించమన్నాడేటి ఆడు? ఏటి రాసినావో ఏటో!"

ఆ మధ్యాహ్నం నుంచే నాకు హిందీ చదువు మొదలైంది. గురువు అక్షరం రాని అత్త. నేను సెనక్కాయల పొట్లం విప్పి అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేదాన్ని, అర్థం ఆవిడ చెప్పేది. ఏడాది తిరిగేసరికి మా లైనులో అందరి కాయితాలూ నా దగ్గరికే వచ్చేవి. రేషను కార్డులు, స్కూలు నోటీసులు, ఊరి కోర్టు సమన్లు కూడా. అత్త పక్కన కూర్చుని వినేది. ఎవరైనా "చాల్లే, ఎక్కడ సంతకమో చూపించు" అంటే ఊరుకునేది కాదు. పూర్తిగా విన్నాకే కలం పట్టనిచ్చేది.

నీకూ సంతకం నేర్పిస్తానత్తా అని ఎన్నోసార్లు బతిమాలాను. పలక కొనుక్కొచ్చాను. మొదటి అక్షరం మూడు రోజులు దిద్ది, పలక మా అమ్మాయికిచ్చేసింది. అవును, తరవాత నాకు అమ్మాయి పుట్టింది, ఆ చీరల పొత్తిళ్ళలోనే పెరిగింది. రోజూ కాటుకతో దాని బుగ్గన చుక్క పెట్టడం అత్త పని. సంతకం సంగతి అడిగితే, "సంతకం ఎవుడైనా గీసెత్తాడు. నా ఏలు ఎవుడు దెత్తాడు?" అనేది.

మేం సోనారికి మారిపోయాం. తెల్లపిల్లి గోల్‌మురిలోనే, అత్త దగ్గరే, ముసలిదై పోయింది. అత్తకి కడుపులో గడ్డ అని ఈ వర్షాకాలంలో తెలిసింది. పోయిన మంగళవారం సాయంత్రం ఆసుపత్రిలో నర్సు కాయితం తెచ్చింది, మర్నాడు ఆపరేషను. మావయ్య వేలు వేయించబోయాడు. అత్త చెయ్యి దుప్పట్లో దాచేసుకుంది. "అమ్మాయి రానీ," అందట. కబురు పెడితే పరిగెత్తాను.

మంచం పక్కన కూర్చుని చదివాను. ఫలానా రోగికి ఫలానా ఆపరేషను, మత్తు ఇవ్వడానికి సమ్మతి. ఒక లైను దగ్గరకొచ్చాక, దాన్ని వదిలేసి కింద లైనుకి వెళ్ళిపోయాను. కళ్ళు మూసుకునే ఉంది ఆవిడ.

"ఒలే. ఓ లైను మింగీసినావు."

"లేదత్తా."

"ఊపిరి పీల్సుకున్నావు. నాకినపడింది. సదువు."

నాకు కోపం వచ్చింది ఆవిడ మీద. ఈ ఒక్కసారికి వినకపోతే ఏం! "ఆపరేషనులో ప్రాణాపాయం కలగవచ్చునని నాకు తెలియజేశారు," అని చదివాను.

అత్త "మల్లీ సదువు," అంది. చదివాను. రెండోసారి మింగకుండా చదివాను.

"మరైతే తే."

దుప్పట్లోంచి చెయ్యి తీసి, పైట చెంగుతో వేలు తుడుచుకుని, సిరాలో అద్ది వేసింది. తొందర లేదు. నర్సు దూది అందించింది. అత్త దూది వంక చూడనేలేదు. నన్ను దగ్గరకి రమ్మంది. ముక్కు ఎగబీలుస్తూ వంగాను. ఆ వేలు నా ఎడమ చెంప మీద, చెవి కింద, గట్టిగా అద్దింది.

బుధవారం, ఆపరేషను రోజున, స్నానం చేశాను, ముఖం కడుక్కున్నాను, అక్కడ మాత్రం నీళ్ళు తగలనివ్వలేదు. గురువారం పొద్దున్న మావయ్య గేటు దగ్గర నిలబడి చూసింది ఆ చుక్కనే. సైకిలు హ్యాండిలు వదిలేసి, దాన్ని ఒకసారి తాకి, తన వేలు తిప్పి చూసుకున్నాడు. కాస్త ఊదారంగు అంటింది.